సేవకుల కూటమి అని చెప్పి వెళ్ళిన చోటు



పోయిన నెల రెండో ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో నేనొక మాట చెప్పాను. మంగళ, బుధవారాల్లో సేవకుల కూటమి ఉంది, వెళ్తున్నాను, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అని. మీరు చేసుకున్నారు. బుధవారం ఉపవాస ప్రార్థనలో నా ప్రయాణం కోసం ఇద్దరు కన్నీళ్ళతో ప్రార్థించారని నా భార్య చెప్పింది. ఆ ఆదివారమే మందిరం మెట్ల దగ్గర ఒక పెద్దమ్మ కొంగు ముడి విప్పి, వంద రూపాయల నోటు నా చేతిలో పెట్టి, "దారి ఖర్సులకు ఉంచుకో బిడ్డా" అంది.

ఆ కూటమి లేదు. నలుగురు సేవకులం కూడిన మాట నిజమే. కానీ మేము కూడింది విమానాశ్రయం దగ్గర ఒక హోటల్లో, ఈతకొలను పక్కన. పాటల పుస్తకం తీసుకెళ్ళలేదు. వాక్యోపదేశకులు ఎవరూ లేరు. రెండు రోజులు తిన్నాం, పడుకున్నాం, మాట్లాడుకున్నాం. ఇది మీకు చెప్పాలని మూడు వారాలుగా అనుకుంటున్నాను.

బైబిలు కాలేజీలో మేము నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒకరు నర్సాపురం వైపు సేవ చేస్తున్న అన్న. ఒకరు ఖమ్మం జిల్లా తమ్ముడు. మూడో అతను డల్లాస్‌లో ఒక ఆసుపత్రిలో రోగుల దగ్గర ప్రార్థన చేసే ఉద్యోగంలో ఉన్నాడు. వాళ్ళమ్మ ప్రభువునందు నిద్రించి సంవత్సరమైందని జ్ఞాపకార్థ కూటమికి వచ్చాడు. తిరిగి వెళ్ళే విమానం గురువారం తెల్లవారుజామున. "నాకెలాగూ ఎయిర్‌పోర్టు దగ్గర ఉండాలి, ముందే రెండు రోజులు గదులు తీసుకుంటాను, మీరు ముగ్గురూ రండి, ఖర్చు నాది" అన్నాడు.

నేను వెంటనే సరేనన్నాను. ఎందుకన్నానో కూడా చెప్తాను. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మన సంఘంలో, చుట్టుపక్కల ఊళ్ళలో కలిపి తొమ్మిది భూస్థాపనలు చేశాను. చివరిది హైవే మీద బండి ప్రమాదంలో పోయిన అబ్బాయిది. ఆ తల్లి నా చెయ్యి పట్టుకొని ఏడుస్తుంటే, నేను అద్దెకు తెచ్చిన మైకు సెట్టు సాయంత్రం లోపల తిరిగి ఇచ్చెయ్యాలన్న సంగతి ఆలోచిస్తున్నాను. ఆ రాత్రి అది గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. నాకు ఏడుపు రావాలి, రాలేదు. ఫోను మోగితే గుండె దడదడలాడేది, ఎత్తబుద్ధి అయ్యేది కాదు. ప్రార్థన చేస్తున్నాను గానీ నోరే చేస్తోంది.

మరి ఆ సంగతే మీతో చెప్పి సెలవు అడగొచ్చు కదా. అడగలేదు. మన సంఘంలో నెల కానుకల లెక్క గోడమీద అంటిస్తాం, మీ అందరికీ తెలుసు. ఆ హోటల్లో ఒక్క రాత్రి అద్దె అందులో సగానికి దగ్గరగా ఉంటుంది. అయ్యగారు హోటళ్ళలో ఉంటున్నారట అన్న మాట ఒక్కరి నోట బయలుదేరితే ఆదివారానికల్లా ఎక్కడిదాకా వెళ్తుందో నాకు తెలుసు. అందుకే కూటమి అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం బండి మీద బయలుదేరాను. కొత్తూరు చౌరస్తా నుంచి తిమ్మాపూర్, పెద్దషాపూర్, పాలమాకుల దాటితే శంషాబాద్. గట్టిగా అరగంట. రాత్రిపూట మన ఇళ్ళ మీది నుంచి ఉత్తరానికి చూస్తే ఒకదాని వెనక ఒకటి దీపాలు దిగుతుంటాయి కదా, ఆ దీపాలు దిగే చోటికి. 2008 మార్చి 23న అక్కడ విమానాలు మొదలైన రోజులు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అప్పటికి మనం ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా. దాదాపు 5,500 ఎకరాల్లో కట్టారు. పిల్లలను తీసుకెళ్ళి కంచె బయట నిలబడి చూసివచ్చిన వాళ్ళం. తర్వాత రోజుల్లో ఆముదాలు, జొన్నలు వేసుకునే ఇళ్ళలోంచి ఒక్కొక్కరూ అక్కడికి పనికి కుదిరారు. డ్రైవర్లు, సెక్యూరిటీ, కార్గోలో లోడింగు, శుభ్రం చేసే పని. మన సంఘంలోనూ ఉన్నారు. ఎంతమంది ఉన్నారని నన్ను ఆరోజు అడిగితే నలుగురో ఐదుగురో అని ఉండేవాణ్ణి.

హోటలు పెద్దదేం కాదు. ఇరవై పైచిలుకు గదులు, మూడంతస్తులు. ఇలాంటి వాటిని బొటీక్ హోటళ్ళు అంటారని డల్లాస్ మిత్రుడు చెప్పాడు. ప్రతి గదీ వేరేగా, ముచ్చటగా అలంకరిస్తారట. లోపలికి అడుగుపెట్టగానే నాకు నవ్వొచ్చింది. గోడకు ఎడ్లబండి చక్రం. మూలన రాతి రోలు, దాంట్లో పూలు. తిరగలి రాయి మీద ఇత్తడి చెంబు, దానిమీద చిన్న దీపం. మా అమ్మ ఇలాంటి తిరగలినే పాత సామాన్ల బండివాడికి ఇచ్చేసి ప్లాస్టిక్ బకెట్ తీసుకుంది. మనం బయట పారేసినవన్నీ ఇక్కడికొచ్చి అద్దాల వెనక కూర్చున్నాయి.

గదిలో మంచం మీద నాలుగు తలగడలు. ఒక్కడికి నాలుగెందుకో తెలియక రెండు కుర్చీలో పెట్టాను. ప్రభువు తుపానులో పడవలో నిద్రపోయిన సంగతి మూడు సువార్తల్లో ఉంది, తలగడ సంగతి మాత్రం మార్కు ఒక్కడే రాశాడు. తల వాల్చడానికి చోటులేదని చెప్పిన ప్రభువుకు ఆ రాత్రి ఎవరో తలగడ ఇచ్చారన్నమాట. ఆ ఆలోచనతోనే కళ్ళు మూసుకున్నాను. సాయంత్రం ఐదింటికి పడుకున్నవాణ్ణి, భోజనానికి లేపితే లేచి తిని మళ్ళీ పడుకున్నాను. తెల్లవారి నాలుగుకు మెలకువ వచ్చింది. ఎన్నేళ్ళయిందో అలా పడుకొని.

1 రాజులు 19వ అధ్యాయం మీద నేను మీకు చాలాసార్లు చెప్పాను. ఏలీయా బదరీ వృక్షం కింద చచ్చిపోతే బాగుండును అని పడుకుంటాడు. దేవదూత వచ్చి తట్టి లేపుతాడు. నేనెప్పుడూ ఆ లేపడం గురించే చెప్పాను. లే, లేచి నడువు అని. కానీ ఆ దూత మొదటిసారి లేపింది తినడానికి. కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి తల దగ్గర పెట్టాడు. ఏలీయా తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు. దూత ఏమీ అనలేదు. పడుకోనిచ్చాడు. ఆ రెండో నిద్ర ఎన్నిసార్లు చదివి దాటేశానో.

నాలుగింటికి బాల్కనీలోకి వస్తే పక్క బాల్కనీలో ఖమ్మం తమ్ముడు కూర్చొని ఉన్నాడు. మనలాగా నిద్ర పట్టిన మనిషి కాదు, పట్టక కూర్చున్నాడు. విమానాలు లేస్తున్నాయి. కాసేపు వాటినే చూశాం. తర్వాత అతను, "అన్నా, ఆరు నెలల నుంచి నాకు ప్రార్థన రావట్లేదు, ఎవరితో చెప్పుకోవాలె" అన్నాడు. నా మైకు సెట్టు సంగతి నేను చెప్పాను. అప్పటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు. ఇద్దరం ఒకరినొకరు ఓదార్చుకోలేదు, వాక్యం ఎత్తి చెప్పుకోలేదు. అతను లోపలికి వెళ్ళి రెండు కప్పుల టీ కలుపుకొచ్చి గోడ మీది నుంచి అందించాడు. అది తాగాం.

మన డోర్నకల్ బిషప్ అజరయ్య గారి సంగతి ఇక్కడ చెప్పాలి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు ఆయన ఇంకా బిషప్ కాదు. ఆ సభలో తెల్లదొరల ముందు నిలబడి, మీరు మాకోసం త్యాగాలు చేశారు, ఆస్తులిచ్చారు, కానీ మాకు మీ స్నేహం కూడా కావాలి అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. చాలామందికి అది రుచించలేదు. రెండేళ్ళకు, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా ఆయన అభిషేకం పొందారు. సెమినరీలో ఇది పరీక్షకు చదువుకున్నాం. దొరలకూ మనవాళ్ళకూ మధ్య సంగతి అనుకున్నాను అప్పుడు. ఆ తెల్లవారుజామున టీ తాగుతూ మాత్రం, నా సంఘంలో నేను ఇలా టీ తాగగల మనిషి ఎవరు అని లెక్కపెట్టుకుంటే ఒక్క పేరూ తట్టలేదు. నన్ను గౌరవించేవాళ్ళు ఉన్నారు. నాకు కోడిపులుసు పంపేవాళ్ళు ఉన్నారు.

ఇంతవరకే అయితే ఇది రాయనక్కరలేదు.

బుధవారం పొద్దున ఈతకొలను దగ్గరికి వెళ్ళాం. గోదారి నీళ్ళలో పెరిగిన నర్సాపురం అన్న ఒక్కడే ఈదాడు. మేము ముగ్గురం మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టుకొని కూర్చున్నాం. డల్లాస్ మిత్రుడు అందరికీ తలా ఒక నిక్కరు తెచ్చాడు, పూలపూలది. అది వేసుకొని, తువ్వాలు భుజాన వేసుకొని గదికి వచ్చాను. పదిన్నర ప్రాంతంలో తలుపు తట్టారు. "హౌస్‌కీపింగ్" అని ఆడగొంతు. తీశాను.

ఎదురుగా మన సంఘపు సహోదరి. యూనిఫాం, తలకు వల, చేతిలో ట్రాలీ. నేను పూల నిక్కరులో. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడ్డామో చెప్పలేను.

ఆమె ఆరు నెలలుగా ఆదివారాలు సరిగా రావడం లేదు. చుట్టాలు వచ్చారని, పుట్టింటికి పోయిందని వాళ్ళత్తతో కబురు పంపేది. నాకు కోపం ఉండేది. జూన్‌లో ఒక ఆదివారం హెబ్రీ పత్రిక పదో అధ్యాయం తీసి, సమాజంగా కూడడం మానుకునేవాళ్ళ గురించి గట్టిగా చెప్పాను. ఏశావును తెచ్చాను. ఆదివారం కూలి కోసం ఆరాధన మానుకోవడం చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకోవడమే అన్నాను. ఆరోజు ఆమె వెనక వరుసలో ఉంది. నేను ఆమెను చూసే అన్నాను, ఇప్పుడు దాచి లాభం లేదు.

ఆమె లోపలికి వచ్చింది. గది ఎలా ఉందో మీకు చెప్పాలి. తడి తువ్వాళ్ళు రెండు నేల మీద. బత్తాయి తొక్కలు బల్ల మీద. మంచం మీద బిస్కెట్ల పొడి. ఇంట్లో నా భార్య చూస్తే ఊరుకోదు, హోటలు కదా అని వదిలేశాను. ఆమె వంగి తువ్వాలు తీయబోయింది. నేను రెండో కొస పట్టుకొని, "నేను తీస్తానమ్మా" అన్నాను. ఆమె వదల్లేదు. "వద్దు అయ్యగారూ, తలుపు తెరిచే ఉంచాలె మేము. సూపర్‌వైజర్ చూస్తే నాకు మాటొస్తది" అంది. నేను వదిలాను.

బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆమె పక్క దులిపింది, దుప్పటి మార్చింది, స్నానాల గది కడిగింది. ఆ గదికి ఆమెకు అరగంట టైము. షిఫ్టుకు పన్నెండు గదులు. ఐదున్నరకు కొత్తూరు చౌరస్తాలో వ్యాను ఎక్కాలి, అంటే నాలుగుకు లేవాలి. నేను ఏలీయా గురించి ఆలోచిస్తూ బాల్కనీలోకి వచ్చిన టైముకు ఆమె మన ఊళ్ళో పొయ్యి వెలిగించింది. వారపు సెలవు గురువారం. శని, ఆదివారాలు గదులు నిండుతాయి గనుక ఆ రెండు రోజులూ పని తప్పదు. ఇవన్నీ అడిగితేనే చెప్పింది, పని ఆపకుండా.

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

తలగడకు గలీబు తొడుగుతూ, "ఏం చెప్పాలె అయ్యగారూ. మీరు ఏశావు అన్నరు" అంది. కాసేపు ఆగి, "ఏశావుకు ఆకలి అయితే ఉండె గద" అంది. కోపంగా అనలేదు. "ఆదివారం పదకొండు కొట్టంగనే మీరు వాక్యం చెప్తుంటరని యాదికొస్తది. అప్పుడు నేను మూడో అంతస్తుల ఉంట."

వెళ్ళేముందు ట్రాలీ మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి, "మీరు ఇక్కడున్నట్టు నేను ఎవరికీ చెప్పను అయ్యగారూ. మీరు గూడ నా సంగతి సంఘంల చెప్పకుండ్రి" అంది.

ఆ మాటకు నేను తల ఊపాను. అదీ నేను చేసింది. ఆమె నా అబద్ధానికి కాపలా కాస్తానంటే, సరే అని తల ఊపాను.

ఆ సాయంత్రం ముగ్గురు మిత్రులకూ చెప్పాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నర్సాపురం అన్న ఫోనులో బైబిలు తీసి ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయం పెట్టాడు. విశ్రాంతి దినం ఆజ్ఞ రెండుచోట్ల ఉందని మనకు తెలుసు. నిర్గమకాండంలో కారణం, దేవుడు ఆరు దినాల్లో సృష్టి చేసి ఏడో దినాన విశ్రమించాడు గనుక. ద్వితీయోపదేశకాండంలో కారణం వేరు. మీరు ఐగుప్తులో దాసులై ఉన్నారు, గుర్తుంచుకోండి అని. అక్కడ ఇంకో మాట కూడా ఉంది, నీ పనివాడూ పనిమనిషీ నీలాగే విశ్రమించాలి అని. నీలాగే. నేను ఈ రెండు అధ్యాయాలనూ పక్కపక్కన పెట్టి బోధించినవాణ్ణే. ఎప్పుడు బోధించినా నన్ను నేను ఆ దాసుల వైపే లెక్కవేసుకున్నాను. అలిసిపోయినవాణ్ణి కదా. తువ్వాళ్ళు నేల మీద పడేసి వెళ్ళే వైపు నేను ఉంటానని ఎప్పుడూ తట్టలేదు.

డల్లాస్ మిత్రుడు అప్పుడొక మాట అన్నాడు. "ఆ జాబితా చూడండి. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి. భార్య లేదు." నీవు అన్న మాటలోనే ఇల్లాలు కూడా కలిసి ఉందని వ్యాఖ్యానకర్తలు చాలామంది అంటారు. సరే, ఉండనీ. మా నలుగురి ఇళ్ళలో మాత్రం ఆ సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు గేదెకు కుడితి పెట్టుకుంటూనో, పిల్లలను చదివించుకుంటూనో, మా ఫోన్లకు జవాబు చెప్పుకుంటూనో ఉన్నారు. డల్లాస్‌లో గేదె లేదనుకోండి.

ఆ గదికి వెళ్ళడం తప్పని నేననను. అది రాయడానికి కూడా కొంచెం జంకుతున్నాను గానీ, నిజం అదే. మార్కు ఆరో అధ్యాయంలో తినడానికి కూడా తీరిక లేని శిష్యులను ప్రభువే పక్కకు పిలిచి కాస్త అలసట తీర్చుకోమన్నాడు. కొడైకెనాల్‌లో 1845లోనే అమెరికా మిషనరీలు వేసవికి ఇళ్ళు కట్టుకున్నారు, వాళ్ళ భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు. ఆ నిద్ర నాకు దేవుడిచ్చిందే. ఇంటికొచ్చిన మూడో రోజు ఆ చనిపోయిన అబ్బాయి ఇంటికి వెళ్ళాను, వాళ్ళమ్మ మాట్లాడుతుంటే నాకు ఏడుపు వచ్చింది. దాన్ని దొంగతనంగా తెచ్చుకోవడమే నేను చేసిన తప్పు. మీ ప్రార్థనలు తీసుకున్నాను, పెద్దమ్మ డబ్బు తీసుకున్నాను, ఆ సహోదరి మౌనం కూడా తీసుకున్నాను.

గురువారం ఆమె సెలవు కదా, సాయంత్రం వాళ్ళింటికి నేనూ నా భార్యా వెళ్ళాం. జూన్‌లో చెప్పిన ఏశావు మాటకు క్షమించమని అడిగాను. వాళ్ళత్త కంగారుపడి కుర్చీ తెచ్చింది. ఆమె ఏమీ అనకుండా టీ పెట్టింది. రెండో కప్పు కూడా తాగాం. ఈ రాసిందంతా ఆమె చదివింది. పేరొక్కటి రాయొద్దంది.

పెద్దమ్మకు వంద రూపాయలు తిరిగి ఇవ్వబోయాను. కూటమి లేదు పెద్దమ్మా, మిత్రులతో హోటల్లో పడుకొని వచ్చాను అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నోటు తీసుకోలేదు. "మంచిగ నిద్ర పట్టెనా?" అని అడిగింది. పట్టింది అన్నాను. "మరి గట్లనే చెప్పి పోవద్దా బిడ్డా, రెండు వందలు ఇద్దును" అంది. తర్వాత చాలాసేపు తిట్టింది కూడా. ఆ తిట్లు రాయను.

మూడు వారాలుగా గురువారం సాయంత్రం ఏడున్నరకు మందిరంలో ఆరాధన పెడుతున్నాం. ఆదివారం షిఫ్టులు ఉన్నవాళ్ళ కోసం. మొదటి వారం ఐదుగురు వచ్చారు, నిన్న పదకొండుమంది. ఇద్దరు క్యాబు డ్రైవర్లు, కార్గోలో చేసే తమ్ముడు, తిమ్మాపూర్ వైపు కంపెనీల్లో పనిచేసే అక్కలు. నలుగురో ఐదుగురో అనుకున్నానని పైన రాశాను, ఇప్పుడు పేర్లు రాసుకుంటే ఇరవై మూడు అయ్యాయి. నిన్న సెక్యూరిటీలో చేసే ఒక సహోదరుడు నైటు డ్యూటీకి వెళ్ళేముందు యూనిఫాంలోనే వచ్చి, రెండో పాటకే గోడకు ఆనుకొని నిద్రపోయాడు. ఆయన్ను లేపలేదు. మైకు కూడా తగ్గించాం.

ఇంకో ప్రకటన. హోటలు నుంచి వచ్చిన రోజు నా భార్య బట్టలు ఉతుకుతూ, "మీరు పోయొచ్చిన్రు, సరే. నేనెప్పుడు పోవాలె?" అని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. వచ్చే సోమ, మంగళవారాల్లో అమ్మగారు తన చిన్ననాటి స్నేహితురాళ్ళు ఇద్దరితో కలిసి నల్గొండలో వాళ్ళక్క ఇంటికి వెళ్తున్నారు. కూటమి ఏమీ లేదు, ఊరికే వెళ్తున్నారు. ఆ రెండు రోజులు దయచేసి ఆమె నంబరుకు ఫోను చేయకండి. నాకు చేయండి. గేదె పాలు తీసేటప్పుడు మాత్రం ఎత్తలేను.